15-08-47 అంటే ఏ సంవత్సరం? రెండంకెల ఏడాదిని సాఫ్ట్‌వేర్ ఎలా చదవాలి

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. స్క్రీన్ మీద ఒక తేదీ కనిపిస్తోంది చూడండి: 15-08-47. ఇది ఏ సంవత్సరం?

మీలో చాలామంది ఆలోచించకుండానే 1947 అనేసి ఉంటారు. ఆగస్టు 15 అంటే మనకి స్వాతంత్ర్య దినం కాబట్టి. కానీ ఇదే తేదీ ఏదో ప్రభుత్వ ప్రణాళిక కాగితం మీద ఉందనుకోండి. వికసిత్ భారత్ 2047 అని వింటూనే ఉన్నాం కదా, స్వాతంత్ర్యం వచ్చి వందేళ్ళు నిండే సంవత్సరం. అక్కడ 15-08-47 అంటే 2047. రాసింది ఒక్కటే, అర్థాలు మాత్రం రెండు. రెండిటి మధ్య సరిగ్గా వందేళ్ళు.

మనుషులకి ఇదేం కష్టం కాదు. చుట్టూ ఉన్న మాటలు చూసి తేల్చేసుకుంటాం. సాఫ్ట్‌వేర్‌కి ఆ మాటలు కనపడవు, 4, 7 అనే రెండంకెలే కనపడతాయి. శతాబ్దం ఎవరూ చెప్పలేదు కాబట్టి అది ఊహించాలి. ఆ ఊహ ఎలా జరుగుతుంది, ఎక్కడ తప్పుతుంది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు దాన్ని ఎలా చెయ్యాలి, ఇదే ఇవాళ్టి టాపిక్. కోడింగ్ రాకపోయినా పర్లేదు, ఎక్సెల్ వాడేవాళ్ళకి కూడా పనికొచ్చే విషయమే.

ముందు ఈ 47ని రకరకాల సాఫ్ట్‌వేర్లకి ఇచ్చి చూద్దాం.

పైథాన్‌లో రెండంకెల ఏడాది అని చెప్పి చదివిస్తే 2047 అంటుంది. అక్కడ రూల్ ఏంటంటే, 00 నుంచి 68 వరకు రెండువేల సంవత్సరాల్లోకి, 69 నుంచి 99 వరకు పంతొమ్మిది వందల్లోకి. ఇది పైథాన్ సొంత రూల్ కాదు, పోసిక్స్ అనే యునిక్స్ ప్రమాణం నుంచి తెచ్చుకుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా 2047 అనే అంటుంది, కానీ దాని గీత ఒక అంకె పక్కన ఉంది. అక్కడ 00 నుంచి 69 వరకు 2000ల్లోకి, 70 నుంచి 1900ల్లోకి. ఒక్క అంకె తేడాకి ఏమవుతుందిలే అనుకోకండి. 1969లో పుట్టినాయన తేదీని పైథాన్ సరిగ్గా 1969 అని చదువుతుంది. అదే తేదీ రెండంకెలతో నేరుగా మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్తే 2069 అవుతుంది.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గీత 2049 దగ్గర ఉంటుంది, అంటే 47 ఇస్తే 2047. ఎక్సెల్‌లో చాలా ఏళ్ళుగా గీత 2029. కాబట్టి 47 అక్కడ 1947. చూశారా, ఒకే కంపెనీవి రెండు ప్రోడక్టులు, ఒకే తేదీకి వందేళ్ళ తేడాతో జవాబులు. మీ ఎక్సెల్ షీట్లోంచి రెండంకెల తేదీలు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి ఎక్కిస్తున్నారంటే ఈ తేడా మీ దగ్గరే కూర్చుని ఉందన్నమాట.

జావాస్క్రిప్ట్ అయితే ఇంకా విచిత్రం. క్రోమ్ బ్రౌజర్‌లో 8/15/47 అని స్ట్రింగ్‌గా ఇస్తే 2047 వస్తుంది. అదే డేట్‌కి 47, నెల, రోజు అని విడివిడి అంకెలుగా ఇస్తే 1947 వస్తుంది. ఒకే భాష, ఒకే బ్రౌజర్, ఇచ్చే పద్ధతిని బట్టి జవాబు మారిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది, జావాలోని సింపుల్‌డేట్‌ఫార్మాట్. దీనికి కదలని గీత లేదు. ప్రోగ్రాం నడుస్తున్న రోజు నుంచి 80 ఏళ్ళు వెనక్కి, 20 ఏళ్ళు ముందుకి చూసి, ఆ వందేళ్ళలో ఎక్కడ పడితే అది తీసుకుంటుంది. 2026లో నడిపితే దాని కిటికీ 1946 నుంచి 2046 దాకా. కాబట్టి 15-08-47 అంటే 1947. అదే కోడ్‌ని, ఒక్క అక్షరం మార్చకుండా, 2027 ఆగస్టు 15 దాటాక నడపండి. కిటికీ జరిగిపోయింది, జవాబు 2047. కోడ్ మారలేదు, ఫైల్ మారలేదు, కాలం మాత్రం గడిచింది. టెస్టులన్నీ పాసైన ప్రోగ్రాం ఒక రోజు తెల్లారేసరికి వేరే జవాబు చెప్పడం మొదలుపెడుతుంది.

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకుందాం. వందేళ్ళ పరిధిని విండో అంటారు, కిటికీ అనుకోండి. శతాబ్దం మారే గీతని పివట్ అంటారు. ఎక్సెల్ లాగా గీత ఒకచోట పాతేస్తే అది స్థిరమైన కిటికీ. జావా లాగా ఇవాళ్టి తేదీతో పాటు నడిస్తే అది జరిగే కిటికీ. రెండంకెల ఏడాదిని చదివే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ రెండిట్లో ఏదో ఒకటి చేస్తాయి.

అసలు ఈ చిక్కు కంప్యూటర్లతోనే పుట్టింది అనుకుంటాం గానీ, కాదు. మన తెలుగు సంవత్సరాల పేర్లే చూడండి. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లు, ఆ తర్వాత మళ్ళీ ప్రభవ. 2025 ఉగాదికి వచ్చింది విశ్వావసు. అంతకుముందు విశ్వావసు వచ్చింది 1965లో. ఒక తాతగారు "నేను విశ్వావసులో పుట్టాను" అంటే మనకి అర్థమైపోతుంది, ఎందుకంటే తాతగారు ఎదురుగా ఉన్నారు. అదే ఒక పాత కాగితం మీద విశ్వావసు అని మాత్రమే ఉంటే? 1965 కావచ్చు, 1905 కావచ్చు, 1845 కావచ్చు. అందుకే మన శాసనాల్లో చాలావాటిలో సంవత్సరం పేరుతో పాటు శక సంవత్సరం అంకె కూడా చెక్కారు. పేరొక్కటే తిరిగి తిరిగి వస్తుంది, అంకె తిరిగి రాదు. రాతి మీద ఒక్కో అక్షరం ఉలితో చెక్కాల్సిన రోజుల్లో కూడా పూర్తి సంవత్సరం వేశారంటే, తర్వాత చదివేవాడు మన పక్కన ఉండడు అని వాళ్ళకి తెలుసన్నమాట.

కంప్యూటర్ల దగ్గర ఈ జాగ్రత్త పోయింది. పోవడానికి కారణం కూడా ఉంది. పంచ్ కార్డు మీద 80 గడులే ఉండేవి, మెమరీ చాలా ఖరీదు. ప్రతి తేదీలో 19 అని రాయకపోతే రెండు గడులు మిగిలేవి. 2000 దగ్గరపడేసరికి అది వైటూకే సమస్య అయింది. మన తెలుగువాళ్ళలో ఒక తరం ఇంజనీర్లు అమెరికా వెళ్ళింది కూడా చాలావరకు ఆ పనుల మీదే. అప్పుడు రెండు రకాల రిపేర్లు ఉండేవి. ఒకటి, ప్రతి ఫైల్లో ప్రతి తేదీని నాలుగంకెలకి పెంచడం. ఇది శాశ్వతం, కానీ ఖర్చు ఎక్కువ. రెండోది, డేటాని అలాగే ఉంచి కోడ్‌లో ఒక కిటికీ పెట్టేయడం. ఇది చవక. కానీ దీంతో సమస్య తీరదు, వాయిదా పడుతుంది. గీత ఎక్కడ పెడితే వాయిదా అక్కడిదాకా.

వాయిదా తీరిన రోజు ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. స్ప్లంక్ అని, కంపెనీలు తమ సర్వర్ల లాగ్‌లు దాచి వెతుక్కునే సాఫ్ట్‌వేర్ ఉంది. 2020 జనవరి 1 నుంచి రెండంకెల ఏడాది ఉన్న తేదీలని అది సరిగ్గా గుర్తుపట్టలేదని, వెంటనే అప్‌డేట్ వేసుకోమని 2019 చివర్లో ఆ సంస్థే కస్టమర్లకి చెప్పాల్సి వచ్చింది. తేదీలని గుర్తుపట్టే ఫైల్‌లో రెండంకెల ఏడాది 19 దాకే రాసుంది. 20 అనే ఏడాది వస్తుందని ఆ ఫైల్‌కి తెలియదు.

సరే, లాగ్‌లు సర్వర్లు అంటే మనకెందుకులే అనిపించొచ్చు. మనుషుల సంగతికొద్దాం. 1992లో అమెరికాలోని మిన్నెసోటాలో 104 ఏళ్ళ ఒక పెద్దావిడకి, కిండర్‌గార్టెన్‌లో చేరమని ఆహ్వానం వచ్చింది. పుట్టిన ఏడాది 88 అని ఉంది, కంప్యూటర్ నాలుగేళ్ళ పాప అనుకుంది. ఇది పాత కథే కదా, ఇప్పుడెక్కడ జరుగుతుంది అంటారేమో. 2024 ఏప్రిల్‌లో బీబీసీ ఒక వార్త రాసింది. 1922లో పుట్టిన 101 ఏళ్ళ ఒక ప్రయాణికురాలిని విమానం బుకింగ్ సిస్టమ్ పదే పదే 2022లో పుట్టిన పసిపాపగా చూపిస్తోందని. సిబ్బంది చంటిపాప కోసం ఎదురుచూస్తుంటే వచ్చింది నూటొక్కేళ్ళ ముసలావిడ.

వినడానికి నవ్వొస్తుంది. కానీ ఇదే వృద్ధాప్య పింఛను జాబితా అయితే? 1928లో పుట్టిన ఒక అవ్వ ఉందనుకుందాం. ఎవరో ఆపరేటర్ ఎక్సెల్‌లో పుట్టిన తేదీ 01-07-28 అని కొట్టాడు. అది 2028 అయింది. ఎక్సెల్ లెక్కలో అవ్వ ఇంకా పుట్టలేదు. వయసు లెక్క వేస్తే ఎర్రర్ వస్తుంది, వస్తే మంచిదే, ఎవరో ఒకరు చూస్తారు. అదే 1922లో పుట్టిన అవ్వ అయితే 2022 అవుతుంది. ఎర్రర్ రాదు. చక్కగా వయసు ఒక చిన్నపిల్ల వయసు వస్తుంది. "అరవై దాటినవాళ్ళు" అని ఫిల్టర్ పెట్టగానే అవ్వ పేరు చప్పుడు లేకుండా జాబితాలోంచి పోతుంది. ఎర్రర్ ఇచ్చే తప్పు కంటే, నమ్మేలా కనిపించే తప్పు ప్రమాదకరం. ఆ పేరు ఎందుకు పోయిందో అవ్వకీ తెలియదు, ఆపరేటర్‌కీ తెలియదు.

ఇంకొకటి డబ్బుల విషయం. 2025 జూన్ 15న ఐదేళ్ళకి ఎఫ్‌డీ వేశారనుకోండి. మెచ్యూరిటీ తేదీ 15-06-30 అని కొడతారు. గీత 2029 దగ్గర ఉన్న కంప్యూటర్‌లో అది 1930 అయిపోతుంది. మెచ్యూరిటీ లోంచి ఓపెనింగ్ తీసేస్తే రోజులు మైనస్ 34,699 వస్తాయి. వడ్డీ కూడా మైనస్‌లోకి పోతుంది. సెల్‌లో తేదీ రెండంకెలతో కనిపిస్తుంటే కంటికి మాత్రం 15-06-30 బాగానే కనిపిస్తుంది, తప్పెక్కడుందో దొరకదు. ఈ గీత విండోస్‌లో రీజియన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, మార్చుకోవచ్చు కూడా. కొత్త సిస్టమ్‌లలో 2049 అని కనిపించొచ్చు. అంటే పక్క పక్క టేబుళ్ళ మీదున్న రెండు కంప్యూటర్లు ఒకే తేదీని రెండు శతాబ్దాల్లో పెట్టగలవు.

దీనికి తోడు సీఎస్‌వీ చిక్కు ఒకటి. మీరు జాగ్రత్తగా 1928 అని నాలుగంకెలూ కొట్టారు. ఎక్సెల్ లోపల సరిగ్గానే దాచింది. కానీ ఆ కాలమ్ ఫార్మాట్ రెండంకెల ఏడాదిగా ఉంటే, సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు ఫైల్‌లోకి వెళ్ళేది తెరమీద కనిపించే 28 మాత్రమే. మళ్ళీ తెరిస్తే 2028. సరిగ్గా ఉన్న డేటా ఒక సేవ్, ఒక ఓపెన్‌తో పాడైపోయింది.

మరి సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలి? నా లెక్కలో అసలు పాయింట్ ఇది: ఏ గీత మంచిది, 29 ఆ, 49 ఆ, 68 ఆ అని వాదించుకోవడం తప్పు ప్రశ్న. అన్ని తేదీలకీ సరిపోయే ఒక గీత లేదు. ఆ గడి దేని గురించి అడుగుతోందో దాన్ని బట్టి శతాబ్దం తేలాలి.

మీ పాస్‌పోర్ట్ తీసి ఫొటో పేజీ అడుగున చూడండి, బాణాల్లాంటి గుర్తులతో రెండు లైన్లుంటాయి. మెషిన్ చదవడానికి పెట్టినవి. రెండో లైన్‌లో పుట్టిన తేదీ ఆరంకెలు, గడువు తేదీ ఆరంకెలు ఉంటాయి. రెండిట్లోనూ ఏడాది రెండంకెలే. పుట్టిన తేదీలో 47 ఉంటే అది 1947 అవ్వాల్సిందే, ఎందుకంటే రేపు పుట్టబోయేవాడికి ఇవాళ పాస్‌పోర్ట్ ఇవ్వరు. గడువు తేదీలో 30 ఉంటే అది 2030, 1930లో గడువు తీరిన పాస్‌పోర్ట్ పట్టుకుని ఎవరూ కౌంటర్ దగ్గరికి రారు. ఒకే లైన్‌లో పక్క పక్కనే ఉన్న రెండు తేదీలకి రెండు వేరే కిటికీలు కావాలి. ఒక్క గీతతో రెండూ చదివితే ఏదో ఒకటి తప్పుతుంది.

కాబట్టి మొదటి రూల్: కిటికీ భాషకో, డేటాబేస్‌కో కాదు, గడికి ఉండాలి. పుట్టిన తేదీ భవిష్యత్తులో ఉండదు. కార్డు ఎక్స్‌పైరీ, లోన్ ఆఖరి వాయిదా ఎక్కువగా ముందుకే ఉంటాయి. ఒకటో తరగతి అడ్మిషన్ ఫారం అయితే పిల్లాడి వయసు ఐదారేళ్ళు. వృద్ధాప్య పింఛను ఫారం అయితే అరవై దాటిన మనిషి. ఈ సంగతి ఫారం తయారుచేసేవాళ్ళకి ముందే తెలుసు. తెలిసిన దాన్ని కోడ్‌కి కూడా చెప్పాలి.

రెండో రూల్: తేలనప్పుడు ఊహించకండి, అడగండి. ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌లో పుట్టిన ఏడాది 22 అని కొట్టారు. పసిపిల్లా, వందేళ్ళు దాటిన మనిషా? రెండూ నిజమయ్యే వీలుంది. ఇక్కడ ఎంత తెలివైన రూల్ పెట్టినా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. "2022 ఆ, 1922 ఆ?" అని ఒక్క ప్రశ్న అడిగితే రెండు సెకన్ల పని. స్వీడన్‌లో దీనికి ముచ్చటైన పద్ధతి ఉంది. వాళ్ళ పౌర గుర్తింపు సంఖ్యలో పుట్టిన ఏడాది రెండంకెలే రాసే అలవాటు, మధ్యలో ఒక చిన్న అడ్డగీత. మనిషికి వందేళ్ళు వచ్చిన ఏడాది ఆ అడ్డగీత ప్లస్ గుర్తుగా మారుతుంది. ఫిన్లాండ్‌లో 1800ల్లో పుట్టినవాళ్ళకి ప్లస్, 1900లకి అడ్డగీత, 2000ల్లో పుట్టినవాళ్ళకి ఏ అనే అక్షరంతో మొదలుపెట్టారు. ఒక్క గుర్తు జాగాలో శతాబ్దం ఇమిడిపోయింది. చోటు తక్కువైనా సమాచారం పోకుండా చూడొచ్చు, మనసుంటే.

మూడో రూల్: అర్థం చేసుకున్నది వెంటనే చూపించండి. జనం రెండంకెలు కొడతారు, కొట్టొద్దని తిట్టి లాభం లేదు. రోజుకి వందల ఫారాలు ఎక్కించే ఆపరేటర్‌కి రెండు అంకెలు తగ్గడం నిజంగా సుఖమే. కొట్టనివ్వండి. కానీ గడి దాటగానే అదే చోట "1 జూలై 1928" అని పూర్తిగా రాసి చూపించండి, పక్కనే "వయసు" అని లెక్క కట్టి పెట్టండి. ఎదురుగా ముసలావిడ కూర్చుని ఉంటే తెరమీద వయసు మూడు అని కనిపించగానే ఆపరేటర్ ఆగిపోతాడు. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఇంకో లాభం కూడా ఉంది. 03-04-05 లాంటి తేదీల్లో మనం రోజు ముందు రాస్తాం, అమెరికావాళ్ళు నెల ముందు రాస్తారు, ఆ గొడవ కూడా అక్కడే తీరిపోతుంది.

నాలుగో రూల్ కొంచెం లోతైనది, ఇంజనీర్లు శ్రద్ధగా వినండి. రెండంకెల ఏడాదిని చదవాల్సింది రాసిన రోజు నుంచి, చదువుతున్న రోజు నుంచి కాదు. ఇప్పుడు ఎదురుగా టైప్ చేస్తున్న తేదీకి జరిగే కిటికీ బాగానే పనిచేస్తుంది, రాసిన రోజూ చదివిన రోజూ ఒకటే కాబట్టి. కానీ 1998లో తయారైన పాత ఫైల్‌ని ఇవాళ చదువుతుంటే? అందులో "47 సంవత్సరం" అని రాసినవాడు 1998లో కూర్చుని రాశాడు. ఇవాళ్టి తేదీని బట్టి కిటికీ పెడితే, ఇందాక జావాలో చూసినట్టు, అదే ఫైల్ ఒక్కో ఏడాది ఒక్కో జవాబు ఇస్తుంది. పాత ఫైళ్ళకి ఆ ఫైల్ పుట్టిన తేదీని ఆధారంగా తీసుకుని, కిటికీ అక్కడ స్థిరంగా పాతెయ్యాలి.

ఐదో రూల్: ఒకసారి తేలాక మళ్ళీ రెండంకెలకి దిగకండి. డేటాబేస్‌లో, ఎక్స్‌పోర్ట్‌లో, ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పంపేటప్పుడు, అన్నిచోట్లా 1947-08-15 లాగా నాలుగంకెలతో పంపండి. అప్పుడు పైథాన్ గీత వేరు, మైఎస్‌క్యూఎల్ గీత వేరు అన్న బాధే ఉండదు, ఎందుకంటే ఊహించాల్సిన అవసరమే లేదు. వీలైతే మనిషి కొట్టిన అసలు అక్షరాలు కూడా పక్కన దాచండి. ఎప్పుడైనా ఊహ తప్పిందని తేలితే వెనక్కి వెళ్ళి సరిచెయ్యడానికి అదొక్కటే దారి.

తప్పనిసరై స్థిరమైన గీత పెట్టాల్సి వస్తే, దానికి గడువు కూడా రాసి పెట్టండి. వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లలో ఇలాగే చేశారు. అక్కడ ఒక రకం తేదీలో ఏడాది రెండంకెలే, 50 నుంచి 99 అయితే 1900లు, 50 కంటే తక్కువైతే 2000లు. కానీ దాంతో పాటే, 2050 నుంచి వచ్చే తేదీలని నాలుగంకెల రకంలోనే రాయాలని అదే ప్రమాణంలో రాసేశారు. గీత పెట్టినవాళ్ళే అది దాటే రోజుకి దారి కూడా చూపించారు. తర్వాత వచ్చే ఇంజనీర్ ఒక జనవరి 1 తెల్లవారుజామున ఫోన్ మోగి లేవాల్సిన పని లేదు.

2020 జనవరిలో ఒక మెసేజ్ అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుందా? కాగితాల మీద తేదీ వేసేటప్పుడు 20 అని వదిలెయ్యకండి, పక్కన ఇంకో రెండంకెలు చేర్చి ఎవరైనా 2019 చేసెయ్యొచ్చు, 2020 అని పూర్తిగా రాయండి అని. సంతకం పెట్టే కాగితం మీద మనకున్న ఆ జాగ్రత్తే, ఎక్సెల్ గడిలో కొట్టేటప్పుడు కూడా కావాలి.

ఇవాళ మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే. మీ ఆఫీసులో వాడే షీట్ తెరిచి, ఖాళీ గడిలో 01-01-30 అని కొట్టండి. దాని ఫార్మాట్ నాలుగంకెల ఏడాదికి మార్చి, 1930 వచ్చిందా 2030 వచ్చిందా చూడండి. 1930 వస్తే, అదే షీట్‌లో మెచ్యూరిటీ తేదీలు, లీజు తేదీలు, గ్యారంటీ తేదీలు ఉన్న కాలమ్స్ అన్నీ నాలుగంకెలకి మార్చి ఒకసారి పై నుంచి కింది దాకా చూసుకోండి. పుట్టిన తేదీల కాలమ్ ఉంటే అది కూడా. అందులో ఎక్కడో ఒక అవ్వ మూడేళ్ళ పాపగా కూర్చుని ఉండొచ్చు. ఆవిడ వచ్చి అడగలేదు, మనమే చూడాలి.